గడపకూ బాటకూ నడుమ

రాయలసీమలోని రెండు పట్టణాల పేర్లు రెండు వేర్వేరు విషయాలను గుర్తుచేస్తాయి. కర్నూలుకు పూర్వనామం కందెనవోలు. అలంపురంలో ఆలయాల నిర్మాణానికి రాళ్లు మోసుకుపోయే బండ్లు తుంగభద్రను దాటబోయే ముందు ఇక్కడ ఆగేవనీ, బండివాళ్లు ఇరుసులకు కందెన పూసుకొనేవారనీ, అందువల్లనే ఊరికి ఆ పేరు వచ్చిందనీ స్థానికులు చెప్పుకొంటారు. కడప అనే పేరు ‘గడప’ నుంచి వచ్చిందని పెద్దల మాట. తిరుమలకు వెళ్లే యాత్రికులకు ఈ ఊరు స్వామి సన్నిధికి తొలిగడప. ఒక పేరులో బండి ఉంది. మరొక పేరులో ఇల్లు ఉంది. ఇల్లు, బండి ఒకదానికొకటి ఎంత అవసరమో ఈ పట్టణాల శివార్లలో వెలసిన కొత్త కాలనీలు నేడు మళ్లీ బోధిస్తున్నాయి.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నది మన పెద్దల సామెత. ఇంటికి అయ్యే వ్యయప్రయాసలన్నీ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. అయితే ఇంటి నుంచి పనికి ఎలా వెళ్లాలి అన్న చింత ఆ సామెతలో లేదు. ఆనాడు దాని అవసరమూ లేదు. బావి, బడి, గుడి, సంత, పొలం అన్నీ నడిచి చేరగల దూరంలోనే ఉండేవి. ఇల్లు కట్టడమంటే ఊరి నడుమ మరొక గడపను నిలబెట్టడమే. పట్టణాలు పెరిగిన కొద్దీ ఈ స్థితి మారింది. ఊరి నడుమ స్థలం సామాన్యునికి అందని ధర పలికింది. పేదలకు ఇల్లు ఇవ్వాలంటే ప్రభుత్వానికి శివారు భూములే దిక్కయ్యాయి.

2015 జూన్ 25న కేంద్ర ప్రభుత్వం పట్టణ పేదల కోసం ప్రధానమంత్రి ఆవాస యోజనను ప్రారంభించింది. దానికి అనుబంధంగా మన రాష్ట్రంలో టిడ్కో అనే సంస్థ ఏర్పడి, 300, 365, 430 చదరపు అడుగుల విస్తీర్ణం గల ఇళ్లను కింది అంతస్తు, దానిపై మూడంతస్తుల భవనాలుగా నిర్మింపజేసింది. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పంపిణీ మొదలైంది. పట్టణాలలో ఒక సెంటు, గ్రామాలలో సెంటున్నర చొప్పున వేలాది లేఅవుట్లలో ఆ స్థలాలను కొలిచి ఇచ్చారు. తరతరాలుగా అద్దె ఇళ్లలో, గుడిసెలలో బ్రతికిన కుటుంబాలకు తమ పేరున ఒక తాళం చెవి చేతికి రావడం చిన్న విషయం కాదు. నెలనెలా అద్దె కట్టలేక సామానుతో ఇళ్లు మారిన తల్లికి ఆ తాళం చెవి విలువ తెలుసు.

కర్నూలు శివారులోని జగన్నాథగట్టు ఇందుకు మంచి ఉదాహరణ. ఎర్రని నేల, అక్కడక్కడ రాళ్లు, వేసవిలో చెట్టు నీడ కనిపించని ఎత్తైన ప్రదేశం అది. ఆ గట్టుకు కొత్త నివాసులు కొత్త కాదు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నదీతీర గ్రామాలు అనేకం మునిగిపోయాయి. ఆ ముంపు నుంచి కాపాడడానికి రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఈ గట్టు మీదనే తిరిగి నిలబెట్టారు. కాబట్టి ఒకచోట నిర్వాసితుడై ఈ గట్టుపై పునరావాసం పొందినవారిలో సంగమేశ్వరుడే ముందువాడని చెప్పవచ్చు. ఆ తరువాత ట్రిపుల్ ఐటీడీఎం అనే ఉన్నత విద్యాసంస్థ ఇక్కడికి వచ్చింది. టిడ్కో ఇళ్లు వరుసలు వరుసలుగా లేచాయి.

గట్టు మీద ఇళ్లు కట్టడం తెలివితక్కువ పని అని ఎవరూ అనలేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పాతనగరాన్ని ముంచెత్తినప్పుడు మిద్దెల మీద రాత్రంతా గడిపినవారు ఇంకా ఉన్నారు. వారికి ఎత్తైన నేల అంటే అభయం. ఒకేచోట వేల ఇళ్లకు సరిపడిన ప్రభుత్వ భూమి దొరకడమూ అరుదే. స్థలం ఎంపికకు ఇలా కారణాలు ఉన్నాయి. అయితే స్థలం ఎంపికతో పాటు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇక్కడ నివసించేవారు ఉదయం ఎక్కడికి వెళతారు? సాయంత్రం ఎలా తిరిగివస్తారు?

గుడిలోని రాయికి కూలిపనికి వెళ్లవలసిన అవసరం లేదు. మనుషుల సంగతి అలా కాదు. నగరం నడుమ నుంచి ఇలాంటి ఏ శివారు కాలనీకైనా చేరిన ఒక కుటుంబాన్ని తలచుకొంటే విషయం బోధపడుతుంది. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. ఉల్లిగడ్డల బస్తాలు దించే పనికి తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. ఆ నాలుగిళ్లూ పాత ఇంటికి కూతవేటు దూరంలో ఉండేవి. కూతురు జూనియర్ కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతోంది. అవ్వకు నెలనెలా సర్వజన వైద్యశాలలో మాత్రలు తెచ్చుకోవాలి. ఇల్లు మారిన రోజున నలుగురూ పాలు పొంగించి సంతోషించారు. నెల తిరిగేసరికి అవ్వ నోట ఒకే మాట: “ఇల్లు బాగానే ఉంది నాయనా, ఊరే దూరమైపాయ.”

ఆ దూరానికి ధర ఎంతో లెక్కవేయడం కష్టం కాదు. షేర్ ఆటోలో మనిషికి ఒకవైపు 20 రూపాయలు అనుకొంటే, భార్యాభర్తలిద్దరికీ రోజుకు 80 రూపాయలు అవుతుంది. నెలకు 26 పనిదినాలకు అది 2,080 రూపాయలు. కూతురి ప్రయాణం కూడా కలిస్తే మరో 1,040 రూపాయలు. అంటే 3,120 రూపాయలు. తప్పిపోయిందనుకొన్న అద్దె వేరొక రూపంలో వెనక్కి వచ్చింది. తేడా ఒక్కటే. ఇంటి యజమాని అద్దె కోసం పది రోజులు ఓపిక పట్టేవాడు. ఆటో ఛార్జీ మాత్రం ఏ రోజుకారోజు చెల్లించవలసిందే.

డబ్బుతో కొలవలేని నష్టం మరొకటి ఉంది. తల్లి నాలుగిళ్లలో రెండింటిని వదులుకొంది. ఉదయం ఆరు గంటలకు ఆ ఇళ్లకు చేరే వాహనం ఏదీ లేదు. కళాశాలలో సాయంత్రం ప్రత్యేక తరగతులు జరుగుతాయి. అవి ముగిసేసరికి చీకటి పడుతుంది. ప్రధాన రహదారిపై దిగి కాలనీ లోపలికి నడవవలసిన దారిలో దీపాలు లేకపోతే, ఇంట్లో మొదట వినిపించే మాట “ఆ క్లాసులు మానెయ్యమ్మా” అన్నదే. ఆ మాట అన్న తండ్రి చదువుకు శత్రువు కాడు. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకొనేవాడు. ఇలా ఒక బస్సు లేకపోవడం వల్ల ఒక అమ్మాయి చదువు, ఎవరి దుర్మార్గమూ లేకుండానే, చల్లగా ఆగిపోగలదు.

ఇలాంటి కాలనీవాసుల ముందున్న మార్గాలు నాలుగు. మొదటిది ప్రధాన రహదారి వరకు నడిచి, పల్లెల నుంచి పట్టణానికి వెళ్లే పల్లెవెలుగు బస్సును అందుకోవడం. ఖర్చు తక్కువే. కానీ ఆ బస్సు పల్లెల్లోనే నిండిపోయి వస్తుంది. పైగా మే నెలలో రాయలసీమ ఎండలో పసిబిడ్డను ఎత్తుకొని కిలోమీటరు నడవడం, నీడలేని చోట నిలబడి ఎదురుచూడడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

రెండవది షేర్ ఆటో. చేయెత్తిన చోట ఆగుతుంది, గుమ్మం దాకా వస్తుంది, అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు పిలిస్తే పలుకుతుంది. కాలనీ మొదలైన తొలినాళ్లలో ఆదుకొనేది సాధారణంగా ఆటోవాలాయే. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఆటో కాంట్రాక్టు వాహనం మాత్రమే. ఒకరి ఒప్పందంపై ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్లడానికే దానికి అనుమతి. దారి పొడుగునా విడివిడిగా ఛార్జీ తీసుకొని ఎక్కించి దించడం స్టేజి క్యారియర్ చేయవలసిన పని. అందువల్ల షేర్ ఆటోకు నిర్ణీత వేళ లేదు, నిర్ణీత ఛార్జీ లేదు. నిండితేనే కదులుతుంది. నిండిన తరువాత కూడా మరో ఇద్దరికి చోటు దొరుకుతుంది. ఆ చోటు డ్రైవరుకు ఇరుపక్కలా ఉంటుంది. ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే.

మూడవది సొంత ద్విచక్ర వాహనం. అప్పు చేసి కొన్నా, దానిని నడిపేది సాధారణంగా ఇంట్లోని మగవారే. తండ్రి బండి తీసుకొని వెళ్లిన తరువాత తల్లికీ, కూతురికీ, అవ్వకూ పాత సమస్య పాతదిగానే ఉంటుంది. నాలుగవది కాలనీ లోపలికే వచ్చే ఆర్టీసీ బస్సు. పేదకూ, విద్యార్థికీ, వృద్ధులకూ, దివ్యాంగులకూ సమానంగా ఉపయోగపడగల మార్గం ఇదే.

మరి అలాంటి బస్సు ప్రతి కాలనీకి ఎందుకు రాదు? ఇందులో ఒక చిక్కుముడి ఉంది. సంస్థ ప్రతి సర్వీసునూ కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది, ఎన్ని సీట్లు నిండాయి అన్న లెక్కలతో తూచి చూస్తుంది. కొత్త కాలనీలో మొదట సగం ఇళ్లే నిండుతాయి. సీట్లు ఖాళీగా కనిపిస్తాయి. ప్రయాణికులు లేరని ట్రిప్పులు తగ్గిస్తారు. ట్రిప్పులు తగ్గాయని ప్రయాణికులు ఆటోలకు మళ్లుతారు. బస్సు లేదని మిగిలిన ఇళ్లకు ఎవరూ చేరరు. విత్తు ముందా చెట్టు ముందా అన్న ప్రశ్న వంటిదే ఇది.

చిన్న గణితం ఈ చిక్కును మరింత స్పష్టం చేస్తుంది. కాలనీ నుంచి పట్టణంలోని బస్టాండుకు చేరడానికి 40 నిమిషాలు, తిరిగి రావడానికి మరో 40 నిమిషాలు పడుతుందనుకొంటే, ఒకే బస్సు తిరిగేటప్పుడు కాలనీవాసులకు 80 నిమిషాలకు ఒక ట్రిప్పు దొరుకుతుంది. ఎనిమిది గంటల బస్సు ఒక్క నిమిషంలో తప్పిపోతే మరొకటి 9.20కి. అప్పటికి కళాశాలలో మొదటి గంట మోగి ఉంటుంది. ఇరవై నిమిషాలకు ఒక బస్సు కావాలంటే నాలుగు బస్సులు కావాలి. ఒక్క బస్సు వేసి ‘ఇక్కడ ఆదరణ లేదు’ అనుకోవడం, ఒక్క చినుకు కురిసిన తరువాత ‘ఈ నేలలో పంట పండదు’ అని తీర్పు చెప్పడం వంటిది.

ఈ నేలలోనే అందుకు ఒక చారిత్రక దృష్టాంతం ఉంది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరి కడప వరకు సాగే కర్నూలు–కడప కాలువను పంతొమ్మిదవ శతాబ్దపు అరవైలలో ఒక ఆంగ్లేయ కంపెనీ తవ్వడం ఆరంభించింది. సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా అది పనికివస్తుందని కంపెనీ ఆశించింది. మెట్టపంటలకు అలవాటుపడిన నల్లరేగడి రైతులు మొదట ఆ నీటిని తీసుకోవడానికి అంతగా ముందుకు రాలేదు. రాబడి లేక కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకొంది. ఆనాటి లెక్కల పుస్తకాలు చూసి కాలువను పూడ్చివేసి ఉంటే ఏమయ్యేది? నేడు సుమారు రెండున్నర లక్షల ఎకరాలకు పైబడిన ఆయకట్టుకు కె.సి. కాలువే జీవనాడి. ప్రజోపయోగమైన పనికి తొలినాళ్ల రాబడి ఒక్కటే కొలమానం కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

బాట ముందు, ఇల్లు వెనుక అన్న నియమాన్ని పాటించి మేలు పొందిన నగరాలు ప్రపంచంలో ఉన్నాయి. బ్రెజిల్ దేశంలోని కురిటిబా నగరం 1974లో బస్సుల కోసమే ప్రత్యేకమైన దారులను ప్రారంభించింది. ఆ దారుల వెంబడి ఎత్తైన భవనాలకు అనుమతినిచ్చి, జనం బస్సుకు దగ్గరగా నివసించేలా నగరాన్ని పెంచింది. భూగర్భ రైలుకు అయ్యే ధనం లేని నగరం బస్సుతోనే ఆ పని సాధించింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో అందరికీ అందుబాటులో ప్రజారవాణా అనేది ఒకటి. ఇంటికి 500 మీటర్ల లోపు బస్సు ఆగే చోటు ఉండడం దానికి ఒక కొలత. మారుమూల కాలనీలోని అవ్వ కోరేది అంతర్జాతీయ సమాజం అంగీకరించిన ఆ కొద్దిపాటి దూరమే.

మన రాష్ట్రంలో ప్రజారవాణాకు చరిత్ర తక్కువేమీ కాదు. 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. దానికి మూలమైన నిజాం రాష్ట్ర రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. 2020 జనవరి 1 నుంచి సంస్థ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం వల్ల పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం లభించింది. పైన చెప్పిన తల్లికీ, కూతురికీ ఇది నిజంగా వరమే. అయితే బస్సు ఉచితం కావడం వేరు, బస్సు రావడం వేరు. కాలనీకి బస్సు వస్తేనే ఆ వరం ఫలిస్తుంది. రాని చోట ఉచితమైన బస్సును చూస్తూ, డబ్బు చెల్లించి ఆటో ఎక్కవలసి వస్తుంది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన విద్యుత్ బస్సుల పథకంలో కర్నూలు, కడప నగరాలకు కూడా స్థానం దక్కింది. ఆ బస్సులు తిరిగే దారులను నిర్ణయించేటప్పుడు శివారు కాలనీల పేర్లు పటంలో ఉండాలన్నది న్యాయమైన కోరిక.

నిజానికి చేయవలసిన పనులన్నీ ఖరీదైనవి కావు. లేఅవుట్ గీసే నాడే బస్సు మలుపు తిరగడానికి చాలినంత వెడల్పైన దారిని, ఆగడానికి ఒక చోటును విడిచిపెట్టాలి. ఇళ్లన్నీ కట్టిన తరువాత ఆ స్థలం కోసం వెదికితే దొరకదు. దగ్గరలోని రహదారిపై సాగే పల్లెవెలుగు బస్సులలో కొన్నింటినైనా ఉదయం, సాయంత్రం కాలనీ లోపలికి మళ్లించవచ్చు. ఇతర ప్రయాణికులకు పోయేది కొద్ది నిమిషాలే. బస్సు వచ్చే వేళను ఒక బోర్డు మీద వ్రాసి, ఆ వేళను తప్పకుండా పాటించాలి. తక్కువ ట్రిప్పులున్నా వేళ తెలిస్తే జనం బ్రతుకును దానికి అనుగుణంగా సర్దుకొంటారు. వేళ తెలియకపోతే ఎన్ని ట్రిప్పులున్నా నమ్మరు. నీడకు ఒక రేకుల పందిరి, దాని పక్కన రెండు వేపమొక్కలు, కుండలో మంచినీరు, రాత్రివేళ ఒక దీపం ఉంటే చాలు. ఆటోలను తరిమివేయనవసరం లేదు. పెద్ద బస్సు వెళ్లలేని సందులకూ, అది నడవని వేళలకూ ఆటోయే తోడు. రెండింటికీ పని పంచి ఇవ్వడమే నేర్పు.

ఈ విషయంలో కాలనీవాసుల బాధ్యత కూడా కొంత ఉంది. ‘మాకు బస్సు కావాలి’ అన్న అర్జీ కంటె లెక్కలతో కూడిన అర్జీకి బలం ఎక్కువ. సోమవారాలలో కలెక్టరు కార్యాలయంలో ప్రజల అర్జీలు స్వీకరిస్తారు. ఆర్టీసీ డిపో మేనేజర్లు ఫోనులో ప్రయాణికుల సూచనలు వినే కార్యక్రమాలు నిర్వహిస్తుంటారు. అక్కడ ఏమి చెప్పాలో తెలిసి ఉండాలి. ఉదయం ఆరు నుంచి పది వరకు కాలనీ నుంచి ఎంతమంది బయలుదేరుతున్నారు? వారిలో కూలీలు ఎందరు, విద్యార్థులు ఎందరు? ఎవరు ఎక్కడికి, ఏ వేళకు చేరాలి? ఇవాళ వారు ఎంత చెల్లిస్తున్నారు? ఈ వివరాలను ఒక నోటుపుస్తకంలో వారం రోజుల పాటు వ్రాసి ఉంచడానికి పెద్ద చదువులు అక్కరలేదు. ఇంటర్మీడియట్ చదివే నలుగురు విద్యార్థులు పూనుకొంటే చాలు. ఖాళీ సీట్ల భయంతో వెనుకాడే అధికారికి ఆ పుస్తకమే భరోసా. బస్సు వేసిన తరువాత దానినే ఎక్కడం, టిక్కెట్టు తీసుకోవడం కాలనీవాసులు నిలబెట్టుకోవలసిన మాట.

ఇంటిని కొలిచేటప్పుడు గదులనూ, గోడలనూ, చదరపు అడుగులనూ కొలుస్తారు. ఆ ఇంటి నుంచి పనికీ, బడికీ, ఆస్పత్రికీ ఉన్న దూరం ఏ పట్టాలోనూ కనిపించదు. కానీ ఆ ఇంట్లో ఉండేవారు రోజూ అనుభవించేది ఆ దూరాన్నే. ఇంటి తాళం చెవితో పాటు బస్సు వేళల పట్టిక కూడా ఇంటివారి చేతికి అందిన నాడే గృహప్రవేశం పూర్తి అయినట్లు. అప్పుడు సాయంత్రం తరగతులు ముగించుకొని ఆఖరి బస్సులో వచ్చే కూతురి కోసం ఆ తల్లి దిగులుతో కాక, అన్నం వడ్డించడానికి ఎదురుచూస్తుంది.